భుజం కండరాలు, చేతి నరాలు: మీ ఒంటి మీదే ఎలా నేర్చుకోవాలి

ఎంబీబీఎస్ అయినా, ఫిజియోథెరపీ అయినా, చాలా కాలేజీల్లో అనాటమీ చేతితోనే మొదలవుతుంది. ఇల్లు వదిలి కొత్తగా హాస్టల్‌కి వచ్చి, ఫార్మలిన్ వాసన ఇంకా ముక్కుకి అలవాటు కాకముందే బ్రేకియల్ ప్లెక్సస్, అంటే మెడ నుంచి చేతికి వచ్చే నరాల అల్లిక, వచ్చి మీద పడుతుంది. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన పిల్లలకి ఆ పేర్లు చూస్తేనే టెన్షన్. కోఠీ దగ్గర ఒక చిన్న గదిలో సాయంత్రాలు ఐదారుగురు ఫస్టియర్ పిల్లల్ని కూర్చోబెట్టుకుని నేను చెప్పే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. దీనికి వారం పడుతుంది. రోజుకి గంట చాలు.

ఈ పద్ధతి నాకు ఒక వైవాలో, అంటే నోటి పరీక్షలో, మొదలైంది. నేను ఫస్టియర్‌లో ఉన్నప్పుడు ప్లెక్సస్ బొమ్మ కళ్ళు మూసుకుని గీయగలిగేదాన్ని. సార్ బొమ్మ అడగలేదు. "చెయ్యి పక్కకి ఎత్తమ్మా" అన్నారు. ఎత్తాను. "ఇప్పుడు నీ చెయ్యి ఎత్తింది ఏ కండరం? దానికి ఆ మాట చెప్పింది ఏ నరం?" నా నోట మాట రాలేదు. కండరాలన్నీ నాకు వచ్చు, నరాలన్నీ వచ్చు, నా చెయ్యి ఎవరు ఎత్తుతున్నారో మాత్రం తెలియదు. ఆ రాత్రి హాస్టల్ అద్దం ముందు నిలబడి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

కావలసినవి: ఒక అద్దం, ఒక స్నేహితురాలు లేదా స్నేహితుడు, కాటుక పెన్సిల్, తెల్ల కాగితాలు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు. సీనియర్ల దగ్గర బోన్ సెట్ దొరికితే స్కాపులా (వీపు రెక్క ఎముక), హ్యూమరస్ (జబ్బ ఎముక) రెండూ ఒక వారం అడిగి తెచ్చుకోండి.

ముందు ఎముకలు, అవీ వేళ్ళతో

మెడ కింద మధ్యలో ఉన్న గుంట దగ్గర వేలు పెట్టండి. అక్కడి నుంచి పక్కకి కాలర్ ఎముక మీదుగా నడిపించండి. అదే క్లావికిల్. భుజం చివరికి వచ్చేసరికి బల్లపరుపుగా ఒక ఎముక తగులుతుంది. అది ఆక్రోమియన్. స్కూల్ బ్యాగు పట్టీ జారిపోకుండా ఆపేది ఆ చివరే. ఇప్పుడు వేలిని వెనక్కి తిప్పి వీపు మీదికి తీసుకెళ్ళండి. పొలంలో గట్టులాగా వీపు రెక్క మీద అడ్డంగా ఒక ఎత్తు తగులుతుంది. దాని పేరు స్పైన్ ఆఫ్ స్కాపులా. నేను పిల్లలకి గట్టు అనే చెబుతాను. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం కండరాల పేర్లు వాటంతట అవే వస్తాయి.

గట్టు వెన్నెముక వైపు ముగిసే చోటు సుమారు టీ3, అంటే ఛాతీ భాగంలో మూడో వెన్నుపూస, మట్టంలో ఉంటుంది. స్కాపులా కింది కొస టీ7 మట్టంలో ఉంటుంది. స్నేహితురాలి వీపు మీద ఈ రెండు చోట్లా కాటుకతో చుక్క పెట్టండి. తర్వాత ఆమెని చెయ్యి పైకెత్తమనండి. కింది చుక్క పక్కకి, చంక వైపుకి జరిగిపోతుంది. చెయ్యి ఎత్తితే స్కాపులా తిరుగుతుందని పుస్తకంలో చదవడం వేరు, ఆ చుక్క కదలడం కళ్ళతో చూడడం వేరు.

ఇంకొక్క ఎముక. కాలర్ ఎముక బయటి భాగానికి రెండు సెంటీమీటర్ల కింద, భుజానికీ ఛాతీకీ మధ్య పల్లంలో లోపలికి నొక్కండి. గట్టిగా తగిలి కొంచెం నొప్పి పుడుతుంది. అది కోరకాయిడ్. అక్కడ పెక్టొరాలిస్ మైనర్, కోరకోబ్రేకియాలిస్, బైసెప్స్ పొట్టి తల, మూడూ అతుక్కుని ఉంటాయి. నరాల దగ్గరికి వచ్చాక ఇది మళ్ళీ పనికొస్తుంది.

పేర్లని తెలుగులోకి విప్పండి

లాటిన్ పేర్లని చూసి భయపడకండి. అవి చాలావరకు ఆకారం, చోటు చెప్పే మామూలు మాటలే. సుప్రా అంటే పైన, ఇన్ఫ్రా అంటే కింద, సబ్ అంటే అడుగున. కాబట్టి సుప్రాస్పైనేటస్ గట్టు పైది, ఇన్ఫ్రాస్పైనేటస్ గట్టు కిందిది, సబ్‌స్కాపులారిస్ స్కాపులా అడుగుది. అంటే స్కాపులాకీ పక్కటెముకలకీ మధ్య దాగినది. టెరీస్ అంటే గుండ్రటిది. మేజర్ పెద్దది, మైనర్ చిన్నది. సెరేటస్ అంటే రంపపు పళ్ళున్నది. లాటిసిమస్ అంటే అన్నిటికన్నా వెడల్పయినది. డెల్టాయిడ్ గ్రీకు డెల్టా అక్షరంలా మూడు మూలలది.

కోఠీలో ఉన్న ఉస్మానియా మెడికల్ కాలేజీ 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌గా మొదలైనప్పుడు వైద్యం చెప్పింది ఉర్దూలో. ఇదే ఊళ్ళో ఇదే శరీరాన్ని ఇంకో భాషలో నేర్చుకుని డాక్టర్లయిన వాళ్ళున్నారు. అందుకే మా పిల్లలతో గట్టిగా అంటాను: ముందు తెలుగులో అర్థం చేసుకోండి, పరీక్షలో ఇంగ్లీషు పేరు రాయండి. పాఠం అర్థమయ్యాక పేరు పట్టుకోవడానికి ఒక్క రోజు చాలు.

చెయ్యి ఎత్తి చూడండి

బోనాలప్పుడు గోల్కొండలోనో, లాల్‌దర్వాజాలోనో తల మీద బోనం పెట్టుకుని ఒక చేత్తో పట్టుకుని నడిచే అమ్మని గుర్తు తెచ్చుకోండి. పక్కన వేలాడే చెయ్యి తల పైదాకా వెళ్ళి అక్కడే గంటసేపు నిలబడాలి. ఆ ఒక్క పనిలో ఎన్ని కండరాలు, ఎన్ని నరాలు కలిశాయో చూద్దాం.

ఎడమ చేతి వేళ్ళని కుడి భుజం గట్టు పైన, మెడకి కొంచెం పక్కగా పెట్టండి. కుడి చెయ్యి పక్కకి ఎత్తడం మొదలుపెట్టండి. మొదటి 15 డిగ్రీలు సుప్రాస్పైనేటస్ మొదలుపెడుతుందని పుస్తకం చెబుతుంది. దాని నరం సుప్రాస్కాపులార్. అక్కడి నుంచి 90 డిగ్రీల దాకా డెల్టాయిడ్, దాని నరం ఆక్సిలరీ. వేళ్ళని భుజం బయటి వైపు గుండ్రటి కండ మీదికి మారిస్తే అది గట్టిపడడం తెలుస్తుంది. 90 దాటాక స్కాపులా తిరగాలి. దాన్ని తిప్పేవి మెడ వెనక నుంచి వీపు మీదికి పరుచుకున్న ట్రపీజియస్, పక్కటెముకల పక్కనున్న సెరేటస్ యాంటీరియర్. ట్రపీజియస్‌కి స్పైనల్ యాక్సెసరీ నరం, సెరేటస్‌కి లాంగ్ థొరాసిక్ నరం.

పరీక్షకి ఈ లెక్క రాయండి. అయితే శరీరం ఇలా విడివిడిగా వంతులు వేసుకోదు. సుప్రాస్పైనేటస్, డెల్టాయిడ్ మొదటి నుంచీ కలిసే లాగుతాయి, స్కాపులా కూడా 90కి ముందే కదలడం మొదలుపెడుతుంది. మొత్తం 180 డిగ్రీల్లో సుమారు 120 భుజం కీలులో, 60 స్కాపులా తిరగడంలో వస్తాయి. ఇందాక పెట్టిన చుక్కతో దీన్ని మీరే చూడొచ్చు.

ఇప్పుడు ఒక మాట గమనించండి. బోనం ఎత్తిన ఆ చేతికి నాలుగు వేర్వేరు నరాలు పనిచేశాయి. అందులో మూడు బ్రేకియల్ ప్లెక్సస్‌వి. ట్రపీజియస్‌కి వచ్చేది మాత్రం 11వ కపాల నరం, అసలు ప్లెక్సస్‌లోదే కాదు. వైవాలో దీని దగ్గరే ఎక్కువమంది తడబడతారు.

కీలుని పట్టుకున్న నాలుగు

ఇరానీ చాయ్ సాసర్‌ని నిలువుగా పట్టుకుని దానికి ఒక బత్తాయి ఆనించి చూడండి. భుజం కీలు అలాంటిది. స్కాపులాలోని గ్లెనాయిడ్ గుంట చిన్నది, లోతు లేనిది. హ్యూమరస్ తల పెద్దది. అందుకే చెయ్యి ఎటైనా తిరుగుతుంది, అందుకే ఒంట్లో అన్ని పెద్ద కీళ్ళకన్నా ఎక్కువగా ఇదే జారుతుంది. బత్తాయి జారకుండా సాసర్‌కి అదిమి పట్టేవి నాలుగు కండరాలు. వాటిని రొటేటర్ కఫ్ అంటాం.

సుప్రాస్పైనేటస్, ఇన్ఫ్రాస్పైనేటస్, టెరీస్ మైనర్, ఈ మూడూ వెనక నుంచి వచ్చి హ్యూమరస్ గ్రేటర్ ట్యూబర్కిల్ (తల పక్కనున్న పెద్ద బొడిపె) మీద పై నుంచి కిందికి ఇదే వరసలో అతుక్కుంటాయి. సబ్‌స్కాపులారిస్ ముందు నుంచి వచ్చి లెస్సర్ ట్యూబర్కిల్ (చిన్న బొడిపె) మీద అతుక్కుంటుంది. నరాలు కూడా తేలికే. గట్టు పైదానికీ కిందిదానికీ ఒకటే నరం, సుప్రాస్కాపులార్. టెరీస్ మైనర్‌కి డెల్టాయిడ్ నరమే, ఆక్సిలరీ. సబ్‌స్కాపులారిస్‌కి దాని పేరుతోనే ఉన్న రెండు నరాలు, పైది, కిందిది.

ఒకరినొకరు పరీక్షించుకోండి. చెయ్యి కొంచెం ముందుకి, పక్కకి భుజం ఎత్తుకి ఎత్తి, బొటనవేలు నేలకి చూపించేలా తిప్పమనండి. గ్లాసులో నీళ్ళు ఒంపేసినట్టుంటుంది. పై నుంచి మెల్లగా నొక్కుతూ "ఆపు" అనండి. ఇది సుప్రాస్పైనేటస్ పరీక్ష. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, 90 డిగ్రీలు మడిచి, ముంజేతిని బయటికి నెట్టమనండి, మీరు అడ్డుకోండి. ఇది ఇన్ఫ్రాస్పైనేటస్, టెరీస్ మైనర్. చేతిని వెనక్కి తిప్పి అరచెయ్యి వెనక భాగం నడుముకి ఆనించి, అక్కడి నుంచి చేతిని వీపుకి దూరంగా లేపమనండి. ఇది సబ్‌స్కాపులారిస్. ఎవరికైనా పాత భుజం నొప్పి ఉంటే వాళ్ళ మీద ఇవి చేయకండి.

కఫ్ ముందు, పైన, వెనక ఉంటుంది. కింద ఉండదు. భుజం జారినప్పుడు హ్యూమరస్ తల ఎక్కువసార్లు ముందుకీ కిందికీ పోయేది అందుకే. సరిగ్గా ఆ కింద నుంచే ఆక్సిలరీ నరం పోతుంది. జారిన భుజాన్ని ఎక్కించే ముందూ తర్వాతా డాక్టరు డెల్టాయిడ్ మీద చర్మాన్ని తాకి "తెలుస్తోందా?" అని అడగడం మీరు చూస్తారు. పోలీసు చొక్కా మీద బ్యాడ్జి కుట్టే చోటు అది. అక్కడి స్పర్శ ఆక్సిలరీ నరానిది.

మిగతా పెద్ద కండరాలు

వీటిని త్వరగా చూసేద్దాం. రంజాన్ నెలలో హలీం దేగ్‌లో పెద్ద కర్రతో దంచేవాళ్ళని చూశారా? పైకెత్తిన చేతుల్ని బలంగా కిందికి దించేది లాటిసిమస్ డార్సై, ముందు నుంచి పెక్టొరాలిస్ మేజర్. చంక వెనక మడతని రెండు వేళ్ళతో పట్టుకుని దగ్గండి. లాటిసిమస్ గట్టిపడి వేళ్ళకి తెలుస్తుంది. దాని నరం థొరాకోడార్సల్. పెక్టొరాలిస్ మేజర్‌కి మీడియల్, లాటరల్ పెక్టొరల్ నరాలు రెండూ వస్తాయి. టెరీస్ మేజర్ లాటిసిమస్‌కి తోడు తిరుగుతుంది, నరం మాత్రం కింది సబ్‌స్కాపులార్. పేరులో టెరీస్ ఉంది కదా అని మైనర్‌తో కలిపేయకండి. రెండింటి నరాలు వేరు, చేసే పనులు వేరు: మైనర్ చేతిని బయటికి తిప్పుతుంది, మేజర్ లోపలికి తిప్పుతుంది.

భుజాలు వెనక్కి లాగి ఛాతీ విరుచుకుంటే పనిచేసేవి వెన్నెముకకీ స్కాపులాకీ మధ్యనున్న రాంబాయిడ్స్, నరం డార్సల్ స్కాపులార్. గోడకి రెండు అరచేతులూ ఆనించి నెట్టినప్పుడు స్కాపులాని పక్కటెముకలకి అదిమి పెట్టేది సెరేటస్. లాంగ్ థొరాసిక్ నరం దెబ్బతింటే అలా నెట్టినప్పుడు వీపు రెక్క పక్షి రెక్కలా లేస్తుంది. ఈ నరం కండరం పైపైన పోతుంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంక గడ్డలు తీసేటప్పుడు సర్జన్లు దీన్ని వెతికి మరీ కాపాడేది అందుకే.

ప్లెక్సస్ గీయడం

ఇక్కడ తొందరపడకండి. రెండు రోజులు దీనికే ఇవ్వండి. కాగితం అడ్డంగా పెట్టుకోండి.

ఎడమ వైపు ఒకదాని కింద ఒకటి ఐదు గీతలు గీసి సీ5, సీ6, సీ7, సీ8, టీ1 అని రాయండి. ఇవి రూట్లు, వెన్నుపాము నుంచి బయటికి వచ్చే నరాల మొదళ్ళు. సీ అంటే మెడవి, టీ అంటే ఛాతీవి. పై రెండూ కలపండి, అప్పర్ ట్రంక్. మధ్యది ఒంటరిగా సాగనివ్వండి, మిడిల్ ట్రంక్. కింది రెండూ కలపండి, లోయర్ ట్రంక్. ఇప్పుడు ప్రతి ట్రంక్‌నీ రెండుగా చీల్చండి. ముందు పాయ నల్ల రంగు, వెనక పాయ ఎర్ర రంగు. మొత్తం ఆరు డివిజన్లు. రంగులు తప్పనిసరి. రంగు లేకుండా గీసిన ప్లెక్సస్ నెల తర్వాత గుర్తుండదు.

ఎర్ర పాయలు మూడూ కలిపేయండి. అది పోస్టీరియర్ కార్డ్. నల్ల పాయల్లో పై రెండూ కలపండి. అది లాటరల్ కార్డ్. మిగిలిన కింది నల్లది ఒంటరిగా మీడియల్ కార్డ్. చివరగా లాటరల్ కార్డ్ రెండుగా చీలుతుంది, మీడియల్ కార్డ్ కూడా రెండుగా చీలుతుంది. పైన మిగిలేది మస్కులోక్యుటేనియస్, కింద మిగిలేది అల్నార్, మధ్యలో రెండు పాయలూ కలిసి మీడియన్. ఎర్ర కార్డ్ నుంచి ఆక్సిలరీ, రేడియల్.

గీశారా? ఇప్పుడు ఎర్ర రంగు ఎందుకు పెట్టమన్నానో చెబుతాను. పిండంలో చెయ్యి ఒక చిన్న మొగ్గలా మొదలైనప్పుడు దానిలో కండరాలు రెండు ముద్దలుగా ఉంటాయి, ముందు ముద్ద, వెనక ముద్ద. ముందు పాయలు ముందు కండరాలకి, వెనక పాయలు వెనక కండరాలకి పోతాయి. ముందువి మడిచేవి, వెనకవి చాచేవి. అందుకే జబ్బ వెనక ట్రైసెప్స్, ముంజేయి వెనక మణికట్టునీ వేళ్ళనీ చాచే కండరాలు, అన్నీ ఒక్క రేడియల్‌వే. అందుకే డెల్టాయిడ్, టెరీస్ మైనర్, టెరీస్ మేజర్, లాటిసిమస్, సబ్‌స్కాపులారిస్, అన్నీ పోస్టీరియర్ కార్డ్ నుంచే. ఈ మాట నాకు అర్థమైన రోజు ఎంత తేలికపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. విడివిడిగా బట్టీపట్టిన పదిహేను పేర్లు ఒక్క వాక్యంలోకి వచ్చేశాయి.

ఇక చిన్న కొమ్మలు. రూట్ల నుంచి రెండు: సీ5 నుంచి డార్సల్ స్కాపులార్, సీ5, 6, 7 నుంచి లాంగ్ థొరాసిక్. అప్పర్ ట్రంక్ నుంచి రెండు: సుప్రాస్కాపులార్, సబ్‌క్లేవియస్ నరం. డివిజన్ల నుంచి ఏమీ లేవు. లాటరల్ కార్డ్ నుంచి లాటరల్ పెక్టొరల్. మీడియల్ కార్డ్ నుంచి మీడియల్ పెక్టొరల్, జబ్బ లోపలి చర్మానికి ఒకటి, ముంజేయి లోపలి చర్మానికి ఒకటి. పోస్టీరియర్ కార్డ్ నుంచి పై సబ్‌స్కాపులార్, థొరాకోడార్సల్, కింది సబ్‌స్కాపులార్. చివరి పెద్ద నరాలు కూడా కలిపి లెక్కేస్తే లాటరల్‌కి 3, మీడియల్‌కి 5, పోస్టీరియర్‌కి 5. పరీక్షలో గీశాక ఈ అంకెలతో సరిచూసుకోండి.

ఇంకో ఇబ్బంది దాదాపు అందరికీ వస్తుంది. ఒక నరంలో నాలుగైదు రూట్లు ఎందుకుంటాయి? మెట్రోని తలుచుకోండి. మియాపూర్‌లో ఎక్కినవాళ్ళు, ఎల్బీనగర్‌లో ఎక్కినవాళ్ళు అమీర్‌పేటలో దిగి రైలు మారతారు. నాగోలు నుంచి వచ్చిన రైలు వాళ్ళని కూడా ఎక్కించుకుని రాయదుర్గం పోతుంది. ఆ రైలు నరం, అందులో మనుషులు నరపు పోగులు, ఎక్కిన స్టేషన్ రూటు. మియాపూర్ స్టేషన్ మూస్తే ఏ రైలూ ఆగదు, అన్నిట్లోనూ కొంత జనం తగ్గుతారు. రూటు దెబ్బ అలాంటిది: చాలా కండరాలు కొంచెం కొంచెం బలహీనపడతాయి. రాయదుర్గం రైలే ఆగితే ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళంతా చిక్కుకుపోతారు. నరం దెబ్బ అలాంటిది: ఆ నరం కింద ఉన్నవన్నీ పోతాయి, పక్క కండరం బాగానే ఉంటుంది. రోగి ముందు కూర్చున్నప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఇదే.

బొమ్మని ఒంటి మీదికి తెచ్చుకోండి

కాగితం మీద వచ్చింది ఒంటి మీద ఎక్కడుందో చూపించలేకపోతే ప్రయోజనం లేదు. రూట్లు మెడలో స్కేలీనస్ యాంటీరియర్, మీడియస్ కండరాల మధ్య నుంచి బయటికి వస్తాయి. ట్రంకులు మెడ పక్కన, కాలర్ ఎముకకి పైన. డివిజన్లు కాలర్ ఎముక వెనక. కార్డులు చంకలో, ఆక్సిలరీ ధమని రెండో భాగం చుట్టూ, పెక్టొరాలిస్ మైనర్ వెనక. ఇందాక కోరకాయిడ్ గుర్తుంచుకోమన్నది ఇందుకే, ఆ కండరం అక్కడే అతుక్కుంటుంది. లాటరల్ (బయటి), మీడియల్ (లోపలి), పోస్టీరియర్ (వెనక) అన్న పేర్లు కార్డు ధమనికి ఏ వైపున ఉందో చెబుతాయి.

ఐదు నరాలకీ ఒక్కో ప్రమాదపు మలుపు ఉంటుంది. ఆక్సిలరీ హ్యూమరస్ సర్జికల్ నెక్ (తలకి కిందనున్న సన్నటి మెడ) చుట్టూ, క్వాడ్రాంగులర్ స్పేస్ అనే నాలుగు పలకల సందు గుండా తిరుగుతుంది, అక్కడ ఎముక విరిగితే దెబ్బ. రేడియల్ హ్యూమరస్ వెనక స్పైరల్ గ్రూవ్ అనే మెలికల గాడిలో పోతుంది. జబ్బ మధ్యలో ఎముక విరిగినా, రాత్రంతా కుర్చీ చేరబడే అంచు మీద చెయ్యి వేసి నిద్రపోయినా, మణికట్టు వాలిపోతుంది. అల్నార్ మోచేతి లోపలి ఎముక వెనక ఉంటుంది. మోచెయ్యి తలుపుకి తగిలి చిటికెన వేలి దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమనిపించేది అదే. వేలితో మెల్లగా తడిమితే దారంలా దొర్లుతుంది. మీడియన్ మణికట్టు దగ్గర కార్పల్ టన్నెల్ అనే ఇరుకు దారిలో నలుగుతుంది. మస్కులోక్యుటేనియస్ కోరకోబ్రేకియాలిస్ కండరాన్ని చీల్చుకుని పోతుంది.

చేతిలో మూడు నరాల్ని అర నిమిషంలో చూడొచ్చు. బొటనవేలు పైకెత్తితే రేడియల్. బొటనవేలు, చూపుడు వేలు కొసలు కలిపి సున్నా చుడితే మీడియన్. వేళ్ళు వెడల్పుగా విప్పితే అల్నార్. అల్నార్‌కి ఇంకో పరీక్ష ఉంది. ఆర్టీసీ బస్సు టికెట్‌ని బొటనవేలు, చూపుడు వేలు పక్క మధ్య పట్టుకోమని మీరు లాగండి. అల్నార్ పనిచేయకపోతే మనిషి బొటనవేలి కొసని మడిచి పట్టుకుంటాడు. ఆ మడిచేది మీడియన్ సాయం.

రూట్లకి ఒక కసరత్తు

లేచి నిలబడి వరసగా చేయండి. చెయ్యి పక్కకి ఎత్తండి: సీ5. మోచెయ్యి మడవండి: సీ5, సీ6. మణికట్టు వెనక్కి లేపండి: సీ6. మోచెయ్యి చాచండి: సీ7. పిడికిలి బిగించండి: సీ8. వేళ్ళు విప్పండి: టీ1. భుజం నుంచి వేళ్ళ కొసల దాకా పై నుంచి కిందికి అంకెలు పెరుగుతాయి. చర్మానికీ అంతే: బొటనవేలు సీ6, మధ్యవేలు సీ7, చిటికెన వేలు సీ8. వారం రోజులు పళ్ళు తోముకునే ముందు ఇది చేస్తే పరీక్ష హాల్లో చెయ్యే గుర్తు చేస్తుంది.

ఇప్పుడు చిక్కుముడులు

ఇక్కడ పుస్తకం మూసేయండి. పెద్ద బిడ్డ, పుట్టేటప్పుడు భుజం ఇరుక్కుని తలని లాగారు. మెడకీ భుజానికీ మధ్య కోణం బాగా సాగి సీ5, సీ6 దెబ్బతిన్నాయి. బైక్ మీద నుంచి భుజం నేలకి కొట్టుకునేలా పడినా ఇదే. చెయ్యి ఎలా ఉంటుందో మీరే కట్టండి. డెల్టాయిడ్, సుప్రాస్పైనేటస్ లేవు, చెయ్యి పక్కకి ఎత్తలేడు, ఒంటికి ఆని వేలాడుతుంది. ఇన్ఫ్రాస్పైనేటస్, టెరీస్ మైనర్ లేవు, చెయ్యి లోపలికి తిరిగిపోతుంది. బైసెప్స్, బ్రేకియాలిస్ లేవు, మోచెయ్యి చాచి ఉంటుంది. అరచేతిని పైకి తిప్పేదీ బైసెప్సే కాబట్టి అరచెయ్యి వెనక్కి మళ్ళి ఉంటుంది. టిప్ కోసం వెనక నుంచి రహస్యంగా చెయ్యి చాచిన మనిషిలా కనిపిస్తుంది. దీన్ని 1874లో వివరించిన విల్‌హెల్మ్ ఎర్బ్ పేరుతో ఎర్బ్స్ పాల్సీ అంటాం. ప్రతి ముక్కా మీరే కట్టుకున్నారు కాబట్టి ఇది ఇక మర్చిపోరు.

రెండోది. తాటిచెట్టు ఎక్కిన గీత కార్మికుడు జారి, పడబోతూ ఒంటి చేత్తో మట్ట పట్టుకుని వేలాడాడు. చెయ్యి పైకి గుంజుకుపోయి సీ8, టీ1 సాగాయి. భుజం బాగానే ఉంది, మోచెయ్యి బాగానే ఉంది. ఏం పోతుంది? అరచేతిలోని చిన్న కండరాలన్నీ. వేళ్ళు పక్షి గోళ్ళలా వంకరపోతాయి. 1885లో ఆగస్టా క్లుంప్కే దీన్ని వివరించింది. అప్పటికి ఆమె ఇంకా విద్యార్థిని. మా అమ్మాయిలకి ఈ మాట ప్రత్యేకంగా చెబుతాను.

ఇలాంటివి మీరూ తయారు చేసి ఒకరినొకరు అడగండి. ఒకే ఒక జాగ్రత్త. మీకో, ఇంట్లో వాళ్ళకో దెబ్బ తగిలాక నిజంగా చెయ్యి లేవకపోయినా, మణికట్టు వాలినా, తిమ్మిరి తగ్గకపోయినా ఈ పరీక్షలు చేసుకుంటూ కూర్చోకండి. ఆ రోజే ఆర్థోపెడిక్ లేదా న్యూరో డాక్టర్‌కి చూపించండి.

డిసెక్షన్ హాల్లో

బల్ల దగ్గరికి వెళ్ళేసరికి పైవన్నీ అయిపోయి ఉండాలి. తన శరీరాన్ని మన చదువు కోసం ఇచ్చిన మనిషి అక్కడ పడుకుని ఉన్నారు. ఏం వెతకాలో తెలియకుండా వెళ్ళి ఆ చంకని తవ్వడం నాకు నచ్చదు.

చంకలో కొవ్వు తీసేశాక నరాలన్నీ ఒకేలా తెల్లటి తాళ్ళలా కనిపిస్తాయి. పెక్టొరాలిస్ మైనర్‌ని కోరకాయిడ్ వైపుకి మడవండి. మొదట కోరకోబ్రేకియాలిస్‌ని పట్టుకోండి. దాన్ని చీల్చుకుని పోయేది మస్కులోక్యుటేనియస్, ఇంకేదీ కాదు. దాన్ని పట్టుకుని వెనక్కి, మెడ వైపుకి వస్తే లాటరల్ కార్డ్ దొరుకుతుంది. అదే కార్డ్ రెండో పాయ వెంట ముందుకి వెళ్తే ధమని ముందు మీడియన్. మీడియన్ రెండో కాలు వెంట వెనక్కి వస్తే మీడియల్ కార్డ్, దాని కింద అల్నార్. ధమని ముందు ఇంగ్లీషు ఎం అక్షరం కనిపిస్తుంది. ఇప్పుడు ధమనిని వేలితో మెల్లగా పక్కకి నెట్టండి. వెనక లావుగా కనిపించేది రేడియల్. దాని పై నుంచి విడిపోయి వెనక్కి మాయమయ్యేది ఆక్సిలరీ.

స్పాటర్స్‌లో, అంటే చూసి పేరు రాసే పరీక్షలో, ఏదో ఒక నరానికి దారం కట్టి ఉంటుంది. దారం చూసి పేరు రాయకండి. ముందు ఎం అక్షరం వెతకండి, తర్వాత చీలిన కండరం వెతకండి, చెయ్యి ఏ వైపుదో చూసుకోండి. అప్పుడు రాయండి.